దొరసాని దయ

ఆప్రానుకి గంజి పెట్టడం మేవిస్‌కి ఇష్టమైన పని. ఏడాదికి ఒక్కసారే పెడుతుంది కాబట్టి ఇష్టం. గంజి పల్చగా కలిపి, ముంచి, పిండి, తడి పూర్తిగా ఆరకముందే ఇస్త్రీ చేస్తే ఆ తెల్లబట్ట అట్టలా నిలబడుతుంది. దాన్ని వంటింటి తలుపు వెనక తగిలించి, నడుం పట్టీల దగ్గర ముడతలేమైనా మిగిలాయేమోనని వంగి చూస్తుండగా లిండాప్ వచ్చాడు.

లిండాప్ బడిలో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. వార్న్‌బరీ ఊళ్లో ఏ దూలం ఏ రాజు కాలం నాటిదో, ఏ గోడ కింద ఏ సన్యాసుల మఠం ఉండేదో అడిగితే చెప్తాడు, అడక్కపోయినా చెప్తాడు. ఈస్టరు వెళ్లిన వారం, చర్చి నుంచి సంతకి పోయే వెన్నసందు గేటుకి తాళం పడింది. ఆ మర్నాడే సందు రక్షణ కమిటీ పుట్టింది, దానికి ఆయన అధ్యక్షుడయ్యాడు. ఈ గురువారం టౌన్‌హాల్లో విచారణ. ఆ సందు ఊరిదా, పక్కనున్న పెద్దింటివాళ్లదా తేల్చడానికి ప్రభుత్వం తరఫున అధికారి వస్తున్నాడు.

"మేవిస్ గారూ, మన తురుపు ముక్క మీరే," అన్నాడు కుర్చీ లాక్కుంటూ.

"అంతమందిలో నేనేం మాట్లాడతానండీ?"

"ఏటా గేటు దగ్గర ఏం మాట్లాడతారో అదే మాట్లాడండి. ఆప్రాను కట్టుకుని రండి. తాళంచెవి తెండి. బిస్కెట్లు మాత్రం మర్చిపోకండి. ఇది మన ముత్తాతల నాటి దారని ఆ పెద్దమనిషి కళ్లకు కట్టాలి. ఆచారాన్ని మించిన సాక్ష్యం ఏముంటుంది చెప్పండి?"

ఆచారమంటే గేటు రోజు. అక్టోబరులో సెయింట్ లూక్ పండగనాడు పొద్దుపొడిచిన దగ్గర్నుంచి పొద్దుగూకేదాకా సందు గేటు మూసేస్తారు. తెల్ల ఆప్రాను కట్టుకుని మేవిస్ గేటు లోపల నిలబడుతుంది. జనం పిల్లల్ని వెంటేసుకుని వచ్చి ఊచల మీద కొడతారు. ఆమె పాట లాంటి ప్రశ్నలు రెండు అడుగుతుంది, వాళ్లు పాట లాంటి జవాబులు రెండు చెప్తారు, ఊచల మధ్య నుంచి అల్లం బిస్కెట్టు చేతికొస్తుంది. ఊళ్లో పుట్టిన ప్రతివాడూ ఆ బిస్కెట్టు తిన్నవాడే.

"సిరిల్ గారిని కూడా తీసుకురండి," అన్నాడు లిండాప్ గొంతు తగ్గించి. "ముందు వరసలో కూచోబెడదాం. వ్యాను పంపిస్తాను."

"ఆయన్నెందుకండీ?"

"ఎందుకేముంది, చూస్తే వాళ్లకే తెలుస్తుంది కదా."

మేవిస్‌కి అర్థమైంది. మొగుణ్ణి చూపించి జాలి అడుక్కోవడం ఆమెకి నచ్చలేదు. కాని వ్యాను అన్న మాట దగ్గర మనసు ఆగింది. వ్యానులో వెళ్తే సిరిల్ సంత వీధి చూస్తాడు.

సిరిల్ కిటికీ దగ్గర చక్రాల కుర్చీలో ఉన్నాడు. కిటికీ ఉన్నది బయటికి చూడ్డానికే అయినా అతని చూపు గోడ మీదుంది. సంతలో వెన్నమంటపం స్తంభాల కింద ఒక జీవితమంతా గుడ్లమ్మిన మనిషి. పక్షవాతం వచ్చినప్పుడు మాటలన్నీ చేయి జారిన బుట్టలో గుడ్లలా పోయాయి. "ఊఁ", "టీ", "చూద్దాం" మిగిలాయి. మాటలు పోయినా సంత పోలేదు. ప్రతి శనివారం మేవిస్ కుర్చీ తోసుకుంటూ సందులోంచి తీసుకెళ్తే, పాత నేస్తాల పక్కన స్తంభానికి ఆనుకుని మధ్యాహ్నం దాకా కూచునేవాడు. గుడ్డు చెవి దగ్గర ఊపి మంచిదో మురిగిందో తల ఊపి చెప్పేవాడు, వాళ్లు నవ్వేవాళ్లు, ఇతనూ నవ్వేవాడు.

చర్చి పక్కన ముసలివాళ్ల కోసం కట్టిన ధర్మసత్రం ఇళ్లలో వీళ్లది చివరిది. అక్కణ్నుంచి సంతకి సందు గుండా అయితే చదునైన దారి. సందు లేకపోతే ఏటి ఒడ్డుకి దిగి, ఉరికంబం మిట్ట ఎక్కిపోవాలి. తాళం పడ్డ కొత్తలో మేవిస్ ఒకసారి ఆ మిట్ట మీదికి కుర్చీ తోసింది. సగం దూరం వెళ్లేసరికి పట్టు తప్పింది. కుర్చీ వెనక్కి జారుతుంటే తనూ జారుతూ వచ్చి పాలబండిని గుద్దుకుని ఆగారు. మళ్లీ ఆ పని చెయ్యలేదు. అప్పట్నుంచీ శనివారం పొద్దున సిరిల్ ఎడం చేత్తో టోపీ అందుకుని ఒళ్లో పెట్టుకుంటాడు. మధ్యాహ్నం ఆమే తీసి కొక్కేనికి తగిలిస్తుంది.

"తీసుకొస్తానండీ," అంది మేవిస్ లిండాప్‌తో.

గేటు రోజుకి ముందు బందులకి నూనె వెయ్యడం కూడా ఆచారంలో భాగమే అనుకుంటుంది మేవిస్. మంగళవారం పొద్దున కుట్టుమిషను నూనె డబ్బా పట్టుకుని గేటు దగ్గరికి వెళ్లింది. తాళం ఆ పెద్దిల్లు కొన్న ట్రెంచ్ వేసిన కొత్తది, గేటు మాత్రం పాతదే.

ఊచల్లోంచి సందు కనిపిస్తోంది. రెండు పక్కలా నల్లటి ఓకు దూలాల ఇళ్లు, దూలాల మధ్య సున్నం గోడలు. పై అంతస్తులు ముందుకి తోసుకొచ్చి, ఎదురెదురు కిటికీల్లోంచి ఇద్దరు చేతులు చాపితే ఉప్పు గిన్నె అందుకోవచ్చు. ఆకాశం దండెం మీద ఆరేసిన గుడ్డముక్కంత. కింద రాళ్ల నడుమ నీళ్లు పోయే చిన్న కాలవ. అటు చివర వెలుతురులో వెన్నమంటపం స్తంభం ఒకటి సగం కనిపిస్తోంది. నలుగురు పనివాళ్లు సందులో గుండ్రటి ఇనప బల్లలు దించుతున్నారు. కార్ఫీల్డు వారి ఆ పెద్దింటిని ట్రెంచ్ హోటలు చేస్తున్నాడు. సందు ఆ ఇంటి దస్తావేజుల్లో ఉంది కాబట్టి అతిథులు సందులో కూచుని వైను తాగుతారట.

ఆమె మోకాళ్ల మీద కూచుని కింది బందులోకి నూనె చుక్కలు వదులుతుంటే లోపల్నుంచి ట్రెంచే వచ్చాడు. నలభై ఏళ్ల మనిషి, మెత్తటి స్వెటరు, అంతకంటే మెత్తటి గొంతు.

"గుడ్ మార్నింగ్, మిసెస్ ప్రీస్. మీకెందుకండీ శ్రమ, మా పనివాళ్లు వేస్తారుగా."

"వాళ్లు పై బందుకి వేస్తారు బాబూ. వాన నీళ్లు దిగేది కింది దాంట్లోకి."

"నిజమే సుమండీ," అన్నాడు. నిజంగానే మెచ్చుకున్నాడు.

మేవిస్ ఊచ పట్టుకుని లేచింది. "ఒక్క మాట, మిస్టర్ ట్రెంచ్. ఊరందరి సంగతీ నాకొద్దు. మా ఆయన ఒక్కణ్ణి శనివారం శనివారం పోనివ్వండి. కుర్చీకి రబ్బరు చక్రాలు, మీ రాళ్లు అరగవు."

ట్రెంచ్ మొహం చిన్నబోయింది. చెడ్డవాడైతే తిట్టుకోవడానికన్నా వీలుండేది.

"నాకేం అభ్యంతరం లేదండీ, ఒట్టు. కాని గురువారం దాకా ఎవ్వర్నీ వదలొద్దని మా లాయరమ్మ గట్టిగా చెప్పింది. ఒకర్ని వదిలితే హక్కు కింద జమేస్తారట."

"హక్కు కాదు బాబూ. సంత."

అతను బల్లలు జాగ్రత్త అని పనివాళ్లకి చెప్తూ లోపలికెళ్లాడు. మేవిస్ నూనె వేళ్లు రుమాలుకి తుడుచుకుని, గేటుని కొంచెం కదిపి చూసింది. చప్పుడు రాలేదు. పైన తాళం ఉన్నా బందు హాయిగా ఉంది.

బుధవారం పక్కింటి నెస్టా బిస్కెట్ల పనికి సాయం వచ్చింది. నెస్టా వేల్స్ మనిషి. చేతులకంటే నోరు ఎక్కువ పనిచేస్తుంది. అల్లం పొడి, లవంగం, నల్లబెల్లం పాకం, వెన్న కలిపి పిండి ముద్ద చేసి మేవిస్ కర్రతో పల్చగా వత్తుతోంటే, నెస్టా గ్లాసు బోర్లించి గుండ్రాలు కోస్తోంది.

"ఈ పిండీ వెన్నా ఎవరిస్తున్నారే నీకు? కమిటీనా?"

"ఎవరో ఎందుకిస్తారు? నాదే."

"దొరసాని ఉన్నప్పుడు?"

"అప్పుడూ నాదే. ఆవిడకి పిండి ఏ డబ్బాలో ఉంటుందో కూడా తెలీదు."

దొరసాని అంటే మిస్ కార్ఫీల్డ్. మేవిస్ ఆ ఇంట్లో పనిచేసింది. ముసలావిడకి మతి తప్పి వృద్ధాశ్రమానికి తీసుకెళ్లి ఇరవై ఏళ్లు దాటిపోయింది. ఆవిడ పోయాక కెనడాలో ఉన్న మేనల్లుడు ఇంటి కప్పు కారుతోందన్నా పలకలేదు. ఈమధ్యనే అమ్మేశాడు. ఇన్నేళ్లూ ఏటా గేటు మూసి తెరిచింది మేవిస్ ఒక్కతే. ఎవరూ చెయ్యమనలేదు, ఎవరూ వద్దనలేదు.

నెస్టా కిటికీ వైపు తిరిగి గ్లాసు గంటలా మోగించింది. "ఏవయ్యా సిరిల్, చెప్పు చూద్దాం. దారి ఎవరిది?"

గేటు రోజున సిరిల్ జవాబు చెప్పేవాడు. మిగతా మాటలన్నీ పోయినా ఆ రెండూ పోలేదు. చిన్నప్పుడెప్పుడో నోటికొచ్చినవి నోట్లోనే ఉండిపోయాయి. నిరుడు కూడా పిల్లలందరికంటే గట్టిగా చెప్పి రెండు బిస్కెట్లు సంపాదించాడు. ఇవాళ గోడ మీంచి చూపు తిప్పలేదు.

"గేటుకి వేసి ఊరుకున్నారనుకున్నాను. ఇతని నోటికి కూడా వేశారు తాళం," అంది నెస్టా.

మేవిస్ కర్ర ఆపలేదు. వత్తిన పిండినే మళ్లీ వత్తింది.

గురువారం టౌన్‌హాలు కిటకిటలాడింది. సంతలో కసాయివాడు, పోస్టాఫీసు పిల్ల, చర్చిలో గంట కొట్టేవాళ్లు, అందరూ వచ్చారు. వ్యాను దిగగానే సిరిల్ నేస్తాలిద్దరు అతని భుజాలు కుదిపి, ఒకడు జేబులోంచి గుడ్డు తీసి చేతిలో పెట్టాడు. సిరిల్ దాన్ని చెవి దగ్గర ఊపి తల పంకించాడు. అది చూసి మేవిస్‌కి కడుపు నిండింది. వచ్చినందుకు ఇదొక్కటి చాలనుకుంది.

అధికారి కళ్లజోడు మనిషి. చేతికందిన ప్రతి కాగితాన్నీ అంచులు సర్దిగాని చదవడు. లిండాప్ సందు పుట్టుపూర్వోత్తరాలు చెప్తుంటే ఓపిగ్గా విన్నాడు. రాసుకున్నది తక్కువ. తర్వాత మేవిస్‌ని పిలిచారు. గంజి ఆప్రాను పెళపెళలాడుతుంటే వెళ్లి నిలబడి, బల్ల మీద బిస్కెట్ల పళ్లెం, తాళంచెవి పెట్టింది. తను రోజూ నడిచే దారి గురించి, సిరిల్ గుడ్లబుట్టలతో నడిచిన దారి గురించి చెప్పింది. 

ట్రెంచ్ తరఫు లాయరమ్మ లేచింది. పొట్టి మనిషి, పళ్లెం వైపు చూసి నవ్వింది.

"ఒకటి తినొచ్చాండీ?"

"దానికేనమ్మా తెచ్చింది."

కొరికింది. "మా అమ్మమ్మ చేసేది ఇలాంటివి. మిసెస్ ప్రీస్, ఈ తాళంచెవి మీకెవరిచ్చారు?"

"మిస్ కార్ఫీల్డ్ గారు. తన చేత్తో ఇచ్చారు."

"ఇస్తూ ఏమన్నారు?"

"నేనున్నా లేకపోయినా ఏడాదికో రోజు మూయి, మేవిస్. ఎన్నడూ మానకు అన్నారు."

"ఆవిడ ఆశ్రమానికి వెళ్లిపోయాక మానేశారా?"

"మానలేదు."

"ఒక్క ఏడాది కూడా?"

మేవిస్ నిటారుగా నిలబడింది. "మా ఆయనకి పక్షవాతం వచ్చింది సరిగ్గా గేటు రోజుకి ముందు రోజండీ. డాక్టరు ఏ మాటా చెప్పలేదింకా. అయినా తెల్లారేసరికి ఆసుపత్రి నుంచి వచ్చి గేటు మూశాను. చీకటి పడ్డాక తెరిచి మళ్లీ వెళ్లాను."

హాల్లో చప్పట్లు మోగాయి. లిండాప్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. లాయరమ్మ కూడా ఒక క్షణం తలదించుకుంది.

"గేటు దగ్గర జనం ఏదో చెప్తారట. నేను బయటిదాన్ని, నాకు రాదు. మీరు అడిగేది నేనడుగుతాను, తప్పైతే దిద్దండి." గొంతు సవరించుకుంది. "దారి ఎవరిది?"

మేవిస్ నోరు తెరిచేలోగా ముందు వరసలోంచి గొంతు లేచింది. బొంగురుగా, గట్టిగా, ఒక్కమాట తడబడకుండా.

"దొరసానిది!"

సిరిల్. ఈస్టరు నుంచీ మాట పెగలని మనిషి. చేతిలో గుడ్డు పైకెత్తి పట్టుకున్నాడు, మొహమంతా నవ్వు. హాలు ఒక్కసారి ఊపిరి బిగపట్టి, ఆనందం పట్టలేక గొల్లుమంది. నెస్టా ఏడుస్తోంది. లాయరమ్మ రెండో ప్రశ్న అడిగింది.

"నడక ఎవరి దయ?"

"దొరసాని దయ!" అన్నాడు సిరిల్. అతనితో పాటు కసాయివాడు, పోస్టాఫీసు పిల్ల, గంట కొట్టేవాళ్లు, లిండాప్, అందరూ. అలవాటు ఎక్కడికి పోతుంది. పైకప్పు దూలాల మీద పావురాళ్లు లేచి మరో దూలం మీద వాలాయి.

లాయరమ్మ అధికారి వైపు చూసింది. ఆయన అంతసేపట్లో మొదటిసారి తల వంచుకుని చాలాసేపు రాశాడు.

"ఇంకేం అడగనండీ," అంది లాయరమ్మ. "బిస్కెట్టు చాలా బావుంది."

జనం ఇంకా నవ్వుతూనే ఉన్నారు. నవ్వనివాడు కమిటీ లాయరొక్కడే. విరామంలో అతను లిండాప్‌ని వరండాలోకి లాక్కుపోయాడు. మంచినీళ్ల కోసం వెళ్లిన మేవిస్ తలుపు పక్కన ఆగిపోయింది.

"బిస్కెట్ల పండగన్నారు నాతో. పిల్లల సరదా అన్నారు. ఏం పాడతారో ఎందుకు చెప్పలేదు?"

"చెప్పడానికేముంది, ఊరందరికీ తెలిసిందేగా. పాత ఆచారం..."

"ఆ ఆచారం పెట్టిందే అందుకండీ. ఇరవై ఏళ్లు ఎవర్నీ అడక్కుండా జనం నడిస్తే దారి జనానిదైపోతుంది. కాకూడదని ఇంటివాళ్లు ఏడాదికో రోజు మూస్తారు. మూసి, ఇది మా దయ అని మీచేతే చెప్పించుకుంటారు. మీరు ఏటా పిల్లల్ని తీసుకెళ్లి మరీ చెప్పారు. ఇవాళ అధికారి ముందు కోరస్సు కూడా పాడారు."

లిండాప్ మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఒకవేళ... ఆవిడ మూయకుండా ఉండుంటే?"

"ముసలావిడ ఆశ్రమానికి వెళ్లాక ఆ గేటు ఎవరికీ పట్టలేదు. ఈవిడ ఇంట్లో కూచుని ఉంటే చాలు. ఈపాటికి సందు మీది."

మేవిస్ మంచినీళ్లు తాగకుండానే తిరిగొచ్చింది. ముందు వరసలో జనం సిరిల్ చుట్టూ మూగి, మళ్లీ చెప్పు మళ్లీ చెప్పు అంటున్నారు, అతను మళ్లీ చెప్తున్నాడు. తన పిండి, తన వెన్న, తన బెల్లం పాకం. ఆసుపత్రి మంచం పక్కన వదిలేసొచ్చిన ఆ పగలు. ట్రెంచ్ ఈ ఊరు రాకముందు నుంచీ ట్రెంచ్‌కి కాపలా కాసిందన్నమాట. కుక్కకైనా తిండి పెడతారు. ఆమెకి ఏడుపు రాలేదు, ఒళ్లంతా సిగ్గుగా అనిపించింది. ఆప్రాను ముడి విప్పబోతే గంజికి బిగుసుకుపోయి రాలేదు.

తీర్పు తర్వాత పంపిస్తామన్నారు. తీర్పేమిటో సాయంత్రానికే ఊరందరికీ తెలిసిపోయింది. హాలు గబగబా ఖాళీ అయింది. బయటికొచ్చి చూస్తే వ్యాను లేదు. లిండాప్ కూడా లేడు. నేస్తాలకి శనివారం సంతకి గుడారాలు సర్దుకునే పని. మేవిస్ సందు అటు చివర గేటు దగ్గర కుర్చీ ఆపి, మిట్ట దిగడమా, ఎవరినన్నా అడగడమా అని చూస్తోంది. మిట్ట దిగేటప్పుడు కుర్చీని వెనక్కి లాగి పట్టుకోవాలి. అది తోయడం కంటే కష్టం.

గేటు తాళం తీసిన చప్పుడైంది. ట్రెంచ్.

"రండి, మిసెస్ ప్రీస్. ఇటే వెళ్లండి. ఇంక లాయరమ్మ ఏమీ అనదు." గేటు బార్లా తెరిచి పక్కకి నిలబడ్డాడు. "మీకు నేనెంతో రుణపడి ఉన్నాను. మీకు ఎలా చెప్పాలో తెలీడం లేదు."

చెప్పకపోతే బావుండేది.

కుర్చీ లోపలికి తిరిగింది. చక్రాలు రాళ్ల మీద కటకటలాడుతుంటే సిరిల్ ఎడం చెయ్యి చాపి గోడ మూలని తాకుతూ పోయాడు. వందల ఏళ్లుగా అందరి చేతులూ తగిలి నున్నబడ్డ మూల అది. పై అంతస్తు మరీ కిందికి వంగినచోట, గుడ్లబుట్ట నెత్తిన ఉన్న రోజుల్లోలాగా తల వంచాడు. ఇప్పుడు కుర్చీలో ఉన్నాడు కాబట్టి వంచక్కర్లేదు. గుండ్రటి బల్లల మీద కొత్త రంగు వాసన. పనివాళ్లు దారి ఇచ్చారు. ఇవతలి గేటు కూడా ట్రెంచే తీశాడు.

"శనివారం గేటు రోజు కదా. ఆచారం పోకూడదు. ఆ ఒక్కరోజూ మాత్రం అందర్నీ పోనిస్తాను. మీరే వచ్చి తెరవండి, బిస్కెట్లు మా ఖర్చు. మీ ఆయన కూడా హాయిగా సంతకి వెళ్లొచ్చు."

"థాంక్సండీ," అంది మేవిస్.

అలవాటుగా వచ్చిన మాట. గేటు మూసుకున్నాక ఆ మాట గుర్తొచ్చి తన నోరు తనకే అసహ్యమనిపించింది. ఇంటికెళ్లి చన్నీళ్లతో పుక్కిలించింది.

శుక్రవారం నెస్టా వార్తలు మోసుకొచ్చింది. "అంతా నీ మీదికే తోస్తున్నారే. నోరు మూసుకుని ఉండలేకపోయింది అంటాడు కసాయివాడు. తనేదో మూసుకున్నట్టు. కంచె చేను మేసినట్టు మేవిసే మన దారి మేసిందట."

"అందులో అబద్ధం ఏముంది."

"నువ్వు కూడా మొదలెట్టకు."

మధ్యాహ్నం లిండాప్ వచ్చాడు. మొన్న తనే లాక్కున్న కుర్చీ పక్కన నిలబడి, ఈసారి ఎవరన్నా కూచోమంటారేమోనని చూసి, ఎవరూ అనకపోతే తనే కూచున్నాడు. నిన్నటి మొహం పోయి కొత్త ఉత్సాహం వచ్చింది.

"ట్రెంచ్ మంచివాడండీ, కాదనకూడదు. ఏడాదికో రోజు తెరుస్తానన్నాడు. బొత్తిగా లేకపోవడం కంటే నయం కదా? కౌన్సిలు కూడా సంతోషించింది. ఊరికి యాత్రికులొచ్చే కాగితాల్లో అచ్చేస్తారట. ఇదివరకు ఒకరోజు మూసేవాళ్లం, ఇకమీద ఒకరోజు తెరుస్తాం. ఆచారం మాత్రం చెక్కుచెదరదు. మీరు రేపు పొద్దున్నే..."

"నేను రాను."

"మీరు రాకపోతే ఎలాగండీ? అడిగేదెవరు?"

మేవిస్ లేచి తలుపు వెనకనుంచి ఆప్రాను తీసింది. మడతపెట్టి, దాని మీద పాత తాళంచెవి పెట్టి అతని ఒళ్లో ఉంచింది.

"మీరు అడగండి. ప్రశ్నలు వచ్చుగా మీకు."

ఇవ్వకూడనిదేదో ఇస్తోందని అతనికి తెలియకపోలేదు. కాని ఆప్రాను చూడగానే చెయ్యి దానంతటదే కుచ్చుల మీదికి పోయింది. "ఇది ఏ కాలపు కుట్టో చూశారా," అన్నాడు. మరో రెండు మాటలు కుట్టు గురించే చెప్పి తీసుకుని వెళ్లిపోయాడు.

"సిగ్గన్నా లేదు పెద్దమనిషికి," అంది నెస్టా. వెళ్లి తలుపేసొచ్చింది. మెల్లగా అంది. "పోనీ, సిరిల్ కోసమైనా వెళ్లవే. రేపొక్కరోజు సంత చూస్తాడు."

"చూస్తాడు. చూసి, దొరసాని దయ అని మళ్లీ చెప్తాడు. జనం చప్పట్లు కొడతారు."

శనివారం తెల్లవారగానే సిరిల్ టోపీ అందుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. మేవిస్ దాన్ని తీసి అతని తలకి పెట్టింది. అతను ఆమె మొహంలోకి చూశాడు.

గురువారం పళ్లెంలో మిగిలిన బిస్కెట్లు కొన్ని కోటు జేబులో వేసుకుంది. పెరట్లో ఇటుకరాయి ఒకటి చేతిసంచిలో వేసింది. ఊరంతా చర్చి ముందునుంచి వెన్నసందు వైపు పోతోంది, పిల్లలకి కొత్త మేజోళ్లు, ఎవరో డప్పు కూడా తెచ్చారు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. మేవిస్ కుర్చీని ఏటి వైపు తిప్పింది. కసాయివాడి పెళ్లాం ఎదురొచ్చి, "అటెక్కడికి తల్లీ, గేటు ఇటు తెరుస్తున్నారు," అంది. మేవిస్ తల ఊపి ముందుకి పోయింది.

మిట్ట మొదట్లో కోటు గుండీలు విప్పుకుంది. తోయడానికి ఒక పద్ధతి పెట్టుకుంది. కొంచెం తోసి, కాలితో ఇటుకని చక్రం వెనక్కి జరిపి, ఊపిరి తీసుకుని, మళ్లీ తోయడం. ఇటుక ఉంటే కుర్చీ జారదు. మొదటిసారి అది తోచలేదు. రాళ్లు రాత్రి మంచుకి తడిగా ఉన్నాయి. మోచేతులు మండుతున్నాయి. సిరిల్ తన మంచి కాలితో నేలని తన్ని సాయం చెయ్యబోతే కుర్చీ పక్కకి తిరిగింది. "నువ్వు ఊరికే కూచో," అంది. ఒక కారు హారను కొట్టి పక్కనుంచి పోయింది.

పోయినసారి ఆగిపోయిన చోటు దాటింది. దాటాక ఇంక మోకాళ్లు వినలేదు. ఇటుక పెట్టి, గోడకి వీపు ఆనించి నిలబడింది. ముందు మిట్ట ఇంకా నిలువుగా ఉంది. వెనక్కి చూడకూడదనుకుంటూనే చూసింది. ఇక్కడ్నుంచి ఊరి కప్పులన్నీ కనిపిస్తాయి, వంకర్లు తిరిగిన పెంకుల మధ్య సందు ఒక నల్లగీత. చర్చిగంట మోగింది. డప్పు మోగింది. తర్వాత నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దంలో లిండాప్ గొంతు గాల్లో తేలి వచ్చింది. బడిలో పాఠం చెప్పిన గొంతు, దూరం వినిపిస్తుంది.

"దారి ఎవరిది?"

ఊరంతా అరిచింది. ఆ కప్పుల మీంచి, ఏటి మీంచి, మిట్ట దాకా వచ్చింది ఆ అరుపు. సిరిల్ మొహం వెలిగిపోయింది. కుర్చీలో నిటారుగా లేచి, ఎడం చెయ్యి ఎత్తి, నోరు తెరిచాడు.

"దొర..."

మేవిస్ జేబులోంచి బిస్కెట్టు తీసి అతని నోట్లో పెట్టింది.

అతను ఒక క్షణం ఆమెని చూసి, తర్వాత కొరికాడు. అల్లం ఘాటుకి కళ్లు చెమర్చాయి, నమలడం మొదలుపెట్టాడు. బిస్కెట్టు పొడి గడ్డం మీద పడితే ఆమె వేలితో తుడిచింది. కింద రెండో ప్రశ్న లేచింది. అతని దవడ ఆగింది. ఆమె ఇంకో ముక్క విరిచి పెదాల దగ్గర పట్టుకుంది.

"నమలు," అంది. "నెమ్మదిగా నమలు. తొందరేం లేదు."